బొట్టు చాటు పగులు

రా తల్లీ, ఇంకా దగ్గరికి రా. నువ్వూ రా నాయనా, ఆ పాత టైర్ల మీద కూర్చో. నల్లగా అంటుకుంటే అంటుకోనీ, ఉతికితే పోతుంది. నా గొంతు బాగా తగ్గిపోయింది. దూరంగా నిలబడ్డవాళ్ళకు గాలికి గోడను తగిలే చప్పుడే వినిపిస్తుంది గాని మాట వినిపించదు. వచ్చారా? సరే, ఇక వినండి. ఇది తీరుబడిగా చెప్పే కథ కాదు, మధ్యలో లేచిపోకండి.

నేను ఒక సైకిలు ఫ్రేమును. ఇప్పుడు చక్రాలు లేవు, సీటు లేదు, హ్యాండిలు లేదు. నంద్యాలలో బాషా సైకిలు షాపు గోడకు, మేకు మీద వేలాడుతున్న నీలం రంగు ఇనుప గొట్టాలను అంతే. నాకు చదువు లేదు. నా ఒంటి మీద ఏదో నంబరు కొట్టారు, అది ఎంతో కూడా నాకు తెలియదు. కాని ఎవరి చెయ్యి ఏ రోజు ఎక్కడ పడిందో అడగండి, ఒక్కటీ మరిచిపోలేదు.

ఎక్కడో ఉత్తరాదిన, చలికాలం పొద్దున, ఒక కార్ఖానాలో పుట్టాను. గేర్లు లేని రేసు సైకిలు కోసం చేశారు నన్ను. సన్న గొట్టాలు, తేలిక ఒళ్ళు. అటువంటి ఫ్రేముల్లో టైరుకూ గొట్టానికీ మధ్య చిటికెన వేలు కూడా దూరదు. నన్ను అతికిన మనిషికి ఆ రోజు జ్వరమో, ఇంటి దగ్గర దిగులో, పక్కబల్ల మీద పెద్ద సైకిలు కొలతకు పెట్టిన అచ్చులోనే నన్నూ బిగించి అతికేశాడు. వెనక కాళ్ళు రెండూ ఎడంగా వచ్చాయి. అందుకు తగ్గట్టు ముందు ఫోర్కు కూడా వెడల్పుదే తొడిగారు. పరీక్ష చేసేవాడు వచ్చాడు, సందులో రెండు వేళ్ళు పెట్టి ఆడించాడు, నవ్వాడు, సుద్దముక్కతో నా మీద అడ్డగీత గీశాడు.

ముందు పళ్ళ మధ్య సందున్న పిల్ల అదృష్టవంతురాలని మీలో అంటారు. ఇనుముకు ఆ మాట చెప్పే అవ్వ ఎవరూ లేకపోయె. నన్ను పనికిరానివాటి కుప్పలో వేశారు. నాలో ఏదో తప్పుంది, ఏదో ఒక రోజు దానివల్ల ఎవరికో కీడు జరుగుతుంది అనే భయం ఆ రోజు పట్టుకుంది నన్ను. తప్పు ఎక్కడుందో మాత్రం చాలా ఏళ్ళు తప్పుగానే అనుకున్నాను.

ఆ కుప్పలోంచి లారీ ఎక్కి, రెండు మూడు చేతులు మారి ఉసేనప్పకు చిక్కాను. ఉసేనప్ప అంటే ఊరూరా తిరిగి ఏడు రోజులు సైకిలు దిగకుండా తొక్కే మనిషి. ఇప్పటి పిల్లలకు తెలియదేమో. ఊరి మధ్య మైదానంలో నాలుగు గుంజలు పాతి, రంగు కాయితాలు కట్టి, మైకు పెట్టి, వాటి మధ్య గుండ్రంగా తిరుగుతూనే ఉంటాడు. తినడం సైకిలు మీదే, తల మీద బిందెడు నీళ్ళు పోయించుకోవడం సైకిలు మీదే, కునుకు కూడా దాని మీదే. జనం పని మానుకుని వచ్చి, అతను ఎప్పుడు పడతాడా అని చూసేవాళ్ళు. పడకపోతే చప్పట్లు కొట్టేవాళ్ళు. పడాలని చూసేదీ మీరే, పడకపోతే సంతోషించేదీ మీరే. ఎన్ని ఊళ్ళు తిరిగినా నాకు ఇది అర్థం కాలేదు.

ఒక ఊళ్ళో ఏడో రోజు, చెక్క మీదుగా ఎక్కి వరసగా పేర్చిన కడవల మీదుగా దూకాడు. కడవలు దాటాము గాని ముందు చక్రం గట్టిగా నేలకు తగిలింది. నా మెడ దగ్గర, అంటే హ్యాండిలు కింద పొట్టి గొట్టానికి ఏటవాలు గొట్టం వచ్చి అతుక్కునే చోట, లోపల 'టిక్' మంది. మైకు హోరులో అది ఇంకెవరికీ వినపడలేదు. వెంట్రుకంత పగులు.

ఉసేనప్ప పెళ్ళాం ఈరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"దిష్టి తగిలింది దీనికి. ఊరు ఊరంతా నోరు తెరుసుకోని సూసినారు, తగలదా మల్ల!" అంటూ పసుపు తడిపి నా మెడ చుట్టూ మందంగా పూసి, దాని మీద రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు పెట్టింది. ఖచ్చితంగా ఆ పగులు మీదే. ఆ తర్వాత ప్రతి మంగళవారం, శుక్రవారం పూసిందే పూత. పొరల మీద పొరలు పడి అట్ట కట్టింది. ఆ పొరల కింద నా పగులును ఈరమ్మ ప్రేమగా దాచిపెట్టిందని ఆమెకు తెలియదు.

కొన్నేళ్ళకు ఉసేనప్ప మోకాళ్ళు సహకరించలేదు. నన్ను తెచ్చి బాషా చేతిలో పెట్టాడు. "పూజ సేసిన బండి బాషా, తుక్కుకు మాత్రం ఏయొద్దు," అని కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు. మాట తప్పని మనిషి బాషా. నన్ను ఇదిగో ఈ మేకుకే తగిలించాడు.

ఇప్పుడు అసలు మనిషి వస్తుంది. సర్దుకుని కూర్చోండి.

వేసవి చివర్లో ఒక రోజు సుంకులమ్మ షాపులోకి వచ్చింది. ముప్పై లోపు వయసు, సన్నటి మనిషి, చెప్పుల నిండా దుమ్ము. తపాలా సంచి మోసే పని కొత్తగా దొరికింది ఆమెకు. పెద్ద రోడ్డు మీది పోస్టాఫీసు నుంచి పన్నెండు కిలోమీటర్లు తారు రోడ్డు, అక్కడి నుంచి తుమ్మలదిన్నె మీదుగా మూడు పల్లెలకు నల్లరేగడి బాట. మధ్యలో ఒక వంక, అంటే చిన్న వాగు. ఆరు నెలలు చూస్తామన్నారు. సంచి పోని రోజు ఒక్కటి కనబడినా ఆ పని ఇంకొకరికి.

నల్లరేగడి సంగతి తెలియనివాళ్ళకు చెబుతాను. ఎండలో అది రాయి, వానలో అది జిగురు. చక్రానికి పట్టుకుని, గొట్టాల మధ్య కూరుకుని, బండిని కదలనివ్వదు. పుల్లతో గీకాలి, పది అడుగులు పోవాలి, మళ్ళీ గీకాలి. సుంకులమ్మ మొదట గేర్ల సైకిలు వాడింది. ఒక్క వానకు బురద గేర్లలోకి పోయి, చైను వాటిని పెరికి చేతిలో పెట్టింది. తర్వాత మామగారి పెద్ద సైకిలు తీసింది. వంక దగ్గర దాన్ని భుజాన ఎత్తుకోలేక నీళ్ళలోనే కూలబడింది.

"మామా, నాకొక ఫ్రేము కావాల," అంది బాషాతో. "తేలిగ్గుండాల, బుజాన ఎత్తుకునేటట్ల. గేర్లు వద్దు. టైరు లావుది ఏసుకుంటా, ఏసినాక గూడా బురద పడిపోయేంత సందు ఉండాల."

బాషా స్పానరు కింద పెట్టి ఆమెను ఎగాదిగా చూశాడు. "పాపా, సైకిలు ఎతుకుతాండవా, పెండ్లికొడుకును ఎతుకుతాండవా?"

"పెండ్లికొడుకు దొరికినాడులే. లారీ తోలుతాడు, నెలకొక తూరి కనబడతాడు. సైకిలే దొరకల్యా. నాలుగు షాపులు తిరిగొచ్చినా. అందరూ నీ మాదిరే నవ్వినారు."

బాషా నవ్వు ఆపాడు. తేలికగా ఉండే రేసు ఫ్రేముల్లో సందు ఉండదు, సందు ఉండేవాటికి బరువు ఉంటుంది. అది ముప్పై ఎనిమిదేళ్ళుగా అతనికి తెలిసిన సంగతే. లేదని చెప్పడానికి నోరు తెరిచి, ఎందుకో తల ఎత్తి నన్ను చూశాడు. మేకు మీంచి దించాడు. వెనక కాళ్ళ మధ్య రెండు వేళ్ళు పెట్టాడు, మూడోది కూడా పెట్టాడు.

"ఇంత సందు ఎవురు పెట్టినారబ్బా దీనికి! తప్పుగా చేసినట్టున్నారు," అన్నాడు.

"ఆ తప్పు సేసినోళ్ళ కడుపు సల్లగుండ," అంది సుంకులమ్మ, నన్ను రెండు చేతులా అందుకుని.

నాకు ఏడుపొచ్చినంత పని అయింది. పుట్టినప్పటి నుంచీ నా తప్పు అనుకున్నది తప్పు కాదు. అదే కోరి ఒకరు నాలుగు షాపులు తిరిగారు. అయితే ఆ సంతోషం పూర్తిగా లోపలికి దిగకముందే గుర్తొచ్చింది, నాలో నిజంగా తప్పు ఇంకొకటుంది.

బాషాకు ఒక పద్ధతి ఉంది. ఏ పాత ఫ్రేము ఇచ్చినా ముందు చిన్న స్పానరుతో గొట్టం గొట్టం తట్టి చెవి పెట్టి వింటాడు. మంచి ఇనుము గంటలా ఖంగుమంటుంది, పగిలింది మొద్దుగా పలుకుతుంది. పై గొట్టం తట్టాడు, బాగుంది. వెనక కాళ్ళు తట్టాడు, బాగున్నాయి. మెడ దగ్గరికి వచ్చేసరికి అతని చెయ్యి ఆగిపోయింది.

"ఇది మీవాళ్ళ పూజ బొట్టు పాపా. నేను స్పానరుతో కొట్టకూడదు, గీకకూడదు. రంగేయాల్ల గదా, నువ్వే తుడిసియ్యి."

సుంకులమ్మ గుడ్డ అందుకుంది, దించేసింది. "ఎవురో ముత్తైదువ పెట్టింది మామా. నేనెట్ల తుడిసేది? మా ఆయప్ప యాడ రోడ్ల మీద ఉన్నాడో ఏమో. అట్లనే ఉండనీలే."

ఆమె దేవుడిని అతను గౌరవించాడు. ముక్కూ మొహం తెలియని ముత్తైదువను ఆమె గౌరవించింది. ఇద్దరూ మంచివాళ్ళే. ఆ మంచితనం మధ్యలో నా పగులు హాయిగా కూర్చుంది. బాషా నా మెడకు గుడ్డ చుట్టి, బొట్టు చెదరకుండా, మిగతా ఒళ్ళంతా నీలం రంగు వేశాడు.

దాచకుండా చెబుతాను, ఆ రోజు నేను కూడా సంతోషించాను. దొరికిపోతే మళ్ళీ కుప్పలో వేస్తారు. దొరక్కపోతే ఈ అమ్మాయి నన్ను తొక్కుతుంది, ఊళ్ళు చూపిస్తుంది. వెంట్రుకంత పగులే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. ఇనుముకు కూడా స్వార్థం ఉంటుంది తల్లీ.

తొలి వాన పడింది. లావు టైర్లు రేగడిలో దిగాయి, బురద పట్టింది, నా సందులోంచి ముద్దలు ముద్దలుగా జారి వెనక్కి పడింది. సుంకులమ్మ ఒక్కసారి కూడా పుల్ల పట్టుకోలేదు. బాట పక్క కలుపు తీసే ఆడవాళ్ళు నడుములు ఎత్తి చూశారు.

"మేయ్, యాడ పట్టుకున్నావ్ దీన్ని? మా ఎద్దులకన్నా నయమే!"

"పట్టుకోలే అక్కా, అదే నన్ను పట్టుకునింది," అని అరిచి, ఆగకుండా పోయింది.

వంక దగ్గర నన్ను భుజాన వేసుకుని, మోకాటి లోతు నీళ్ళలో దాటింది. ఆమె మెడ నా మెడకు ఆనింది. లోపల ఏముందో తెలియకుండా అంత నమ్మకంగా ఎత్తుకుంటుంటే నా ప్రాణం విలవిల్లాడింది.

వంకకు దిగే దారి ఏటవాలుగా రాళ్ళు పరిచిన దారి. రోజూ ఆమె అక్కడ ముందు బ్రేకు పడుతుంది. పట్టినప్పుడల్లా బరువంతా నా మెడ మీద పడుతుంది. వెంట్రుక దారమయింది, దారం పురికొస అయింది. శ్రావణం దాటేసరికి పగులు గొట్టం చుట్టూ పాకుతున్నట్టు నాకు తెలుస్తూ ఉంది. అదే వేరే సైకిలైతే బురదకు తనంతట తాను ఆగిపోయేది, ఆమె దిగి నడిచేది. నేను ఆగను. నా సందే ఆమెను ఆ రాళ్ళ మీదికి రోజూ ఎక్కిన మనిషిని ఎక్కినట్టే దించుతోంది. ఏ గుణం చూసి నన్ను ఎంచుకుందో ఆ గుణమే ఆమెకు గండమై కూర్చుంది. ఇక నాకు కుప్ప అంటే భయం పోయింది. ఆమె మొహం ఆ రాళ్ళకు కొట్టుకోవడమే కళ్ళ ముందు ఆడేది.

నాకున్న నోరు ఒక్కటే, కిర్రుమనడం. కిర్రుమన్నాను. రోజంతా, ఎక్కినా దిగినా, కిర్రు, కిర్రు.

మనుషులకు ఒక చప్పుడు వినిపిస్తే చాలు, వైద్యానికి కొదవ ఉండదు. పోస్టుమాస్టరు పెడలు అన్నాడు, పెడళ్ళు మార్చారు. టీ కొట్టు ఆయన సీటు స్ప్రింగు అన్నాడు, దానికి కొబ్బరినూనె పూశారు. బాషా చక్రాలు విప్పి గోళీలు మార్చి, గ్రీజు పెట్టి, చెవి ఆనించి విని, "ఇంగ రాదు పో," అన్నాడు. రెండు రోజులు గ్రీజు మహిమో ఏమో నాకే గొంతు రాలేదు. మూడో రోజు మళ్ళీ మొదలుపెట్టాను. చివరికి ఆమెకు అలవాటైపోయింది. పల్లెల్లో వాళ్ళకు అదే గుర్తయింది. కిర్రు వినపడగానే "తపాలా సుంకులు వస్తాంది" అని బయటికి వచ్చేవాళ్ళు. ప్రాణం పోతోందని నేను అరుస్తుంటే వాళ్ళకది గంటలా వినిపించింది.

పగుల్లో తుప్పు పుట్టింది. వాన నీళ్ళకు ఎర్రగా ఏటవాలు గొట్టం మీదికి కారింది. ఇప్పుడైనా చూస్తుందని ఆశపడ్డాను. చూసింది కూడా.

"అయ్యో, కుంకుమ కరిగి కారిపాయనే," అనుకుంది. ఆ శుక్రవారం తల స్నానం చేసి వచ్చి, పసుపు తడిపి, ఈరమ్మ పెట్టిన చోటే, మరింత పెద్ద బొట్టు పెట్టింది. రెండు చేతులూ జోడించి, "తల్లీ, ఈ ఆర్నెల్లు నన్ను దాటియ్యి," అని నాకే మొక్కింది. నాకు మొక్కింది! మొక్కించుకుంటూ ఆమెను చంపబోతున్నానే అని ఆ పూట నేను పడ్డ క్షోభ ఎవరికీ వద్దు.

దసరాకు ముందు రోజు వంక దిగుతుండగా రాయి మీద చక్రం ఎగిరిపడింది. పగులు నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. హ్యాండిలు ఒక్క క్షణం ఆమె చేతిలో తేలినట్టయింది. ఆమెకూ తెలిసింది, కాలు ఆనించి నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకుంది. చుట్టూ చూసింది. చక్రం చూసింది, బ్రేకు చూసింది. నా మెడ వైపు చూసి, బొట్టు చూసి, కళ్ళకద్దుకుని మళ్ళీ ఎక్కింది. ఇంకొక్క దిగుడు, మహా అయితే రెండు. అంతకు మించి నేను ఆగలేనని నాకు తెలిసిపోయింది.

పండగ రోజు తపాలా సెలవు. ఇంట్లో పనిముట్లన్నీ కడిగి వాకిట్లో పెట్టారు. కత్తిపీట, పార, రోకలి, వాటి పక్కన నేను. సుంకులమ్మ అత్త ఓబుళమ్మ అరుగు మీద కూర్చుని పసుపు నూరుతోంది. ఓబుళమ్మది కుమ్మరి ఇల్లు. సారె తిరగడం మానేసి చాలా కాలమైంది. మొగుడు పోయి ఇరవై ఏళ్ళు. రెండు కళ్ళకూ పొర కమ్మి మనిషి నీడలా తప్ప కనపడదు.

"అత్తా, ఆ సైకిలుకు రోంత పసుపు పూయి. నేను టెంకాయ తెస్తా," అంది సుంకులమ్మ లోపలి నుంచి.

"నేను పూయొచ్చా మే?"

"పసుపుకేం, పూయి. కుంకుమ నేను పెడతాలే."

ఓబుళమ్మ తడుముకుంటూ నా దగ్గరికి వచ్చింది. తడి చేతులతో హ్యాండిలు నిమిరింది, పై గొట్టం నిమిరింది, మెడ చుట్టూ పూసింది. బొటనవేలి గోరు ఎక్కడో తట్టుకుంది. ఆగింది. మళ్ళీ ఆ గోటినే వెనక్కి లాగింది. మళ్ళీ తట్టుకుంది.

"అమ్మీ, దీని మెడకాడ ఏదో గీరుకుంటాంది."

"పెయింటు లేసింటాది అత్తా."

"పెయింటు నాకు తెలీదా." చూపుడు వేలు వంచి, వేలి గణుపుతో నా పై గొట్టం తట్టింది. ఖంగుమంది. వెనక తట్టింది. ఖంగుమంది. ఎంతమంది కడవలకు అలా తట్టి ఇచ్చిందో ఆ వేలు! చివరికి మెడ మీద, బొట్టు మీదే, తట్టింది.

నేను ఊపిరి బిగబట్టాను. ఖంగుమనకూడదని దేవుడికి దండం పెట్టుకున్న ఇనుము ప్రపంచంలో నేనొక్కదాన్నేనేమో.

దప్, మంది.

"సుంకులూ, రాయే ఇట్ల! ఇది పగిలిన కడవ! తుడుసు ఆ బొట్టు."

టెంకాయ చేతిలో పట్టుకుని సుంకులమ్మ వాకిట్లో నిలబడిపోయింది. "పండగ పూట బొట్టు తుడసమంటాండవా అత్తా? నీ కొడుకు బండి మీదుండాడు."

"ఉంటే?"

"ఏమన్నా అయితే?"

ముసలామె తడుముకుని అరుగు మీద కూర్చుంది. పసుపు చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"బొట్టు తుడిస్తే ఏమైతాదో నాకు తెలుసు మే. ఏమీ కాదు. నాది తుడిసినాక గూడా నేను ఇరవైయేండ్లు బతికిన. ఇనుము బతకదా? నువ్వు తుడుసు. పాపమంటే నాకు రానీ."

సుంకులమ్మ కొంగు తడిపింది. బొట్టు మీద ఆనించి రుద్దింది. ఈరమ్మ పొరలు, తన పొరలు, అన్నేళ్ళ మంగళవారాలూ శుక్రవారాలూ ఊడి వచ్చాయి. కింద ఎర్రగా మిగిలింది కుంకుమ అనుకుని ఇంకా రుద్దింది. అది పోలేదు. తుప్పు. దాని మధ్యలో నల్లటి గీత, గొట్టం చుట్టూ సగానికి పైగా. ఆమె హ్యాండిలు పట్టి నొక్కింది. గీత నోరు తెరిచింది. సుంకులమ్మ నేల మీద కూర్చుని, అత్త మోకాళ్ళు పట్టుకుంది.

"అత్తా, నిన్న ఆ రాళ్ళ మీద..." అంది.

"అందుకే అరిచింది అది ఇన్నాళ్ళూ," అంది ఓబుళమ్మ. నన్నూ ఒక మనిషిని అన్నట్టు అంది.

మర్నాడు పొద్దున్నే సుంకులమ్మ పాలబండిలో నన్ను బాషాకు పంపించింది. తను సంచి భుజాన వేసుకుని నడిచి బయలుదేరింది. తారు రోడ్డు పన్నెండు, రేగడి తొమ్మిది. సంచి వేళకు అందుతుందా, ఆరు నెలల గడువు ఇంకో నెలలో ముగుస్తుందనగా పని పోతుందా అని నేను బాషా బల్ల మీద పడుకుని కొట్టుకున్నాను. తర్వాత ఆమె బాషాకు చెబుతుంటే విన్నాను. చివరి పల్లెలో, తపాలా పని తనిఖీ చేసే ఓవర్సీరు వాచీ చూసుకుంటూ కూర్చున్నాడట. మోకాళ్ళ దాకా బురదతో ఈమె పోయేసరికి గంటన్నర ఆలస్యం.

"సైకిలేదమ్మా?" అన్నాడట.

"దాని మెడ పగిలింది సార్."

"నీ మెడ బాగుండాది గదా. సంచి దించు," అని పుస్తకంలో సంతకం పెట్టాడట. అంతే. అంత చిన్న మాటకు ఆమె దారంతా ఏడ్చుకుంటూ వచ్చిందట.

షాపులో మాత్రం వేరే గొడవ జరిగింది.

"అన్నేండ్లుగా తట్టి సూసినోన్ని, ఆ ఒక్క సోట తట్టకపోతి. నాదే తప్పు పాపా," అని బాషా తల పట్టుకున్నాడు.

"నేను వద్దన్నా గదా మామా, నాది."

"నువ్వు వద్దంటే నేను ఇనాల్నా? మెకానిక్కు నేనా నువ్వా?"

తప్పు అవతలివాళ్ళ మీదికి తోసే మనుషులను చాలామందిని చూశాను. దాని కోసం ఇలా గుంజుకునేవాళ్ళను ఆ రోజే చూశాను. చివరికి బాషా లేచి మంట వెలిగించాడు. పగులు కడిగి, ఇత్తడి పోసి అతికి, పైన ఇనుప పట్టీ తొడిగాడు. మంట నా మెడను తాకినప్పుడు కాలింది, నిజమే. అది నొప్పి కంటే ఎక్కువగా ఊరట. చల్లారాక తట్టాడు. పూర్తి గంటలా కాదు గాని పలికింది. రంగు మాత్రం వేయలేదు. "అతుకు కనబడాల. కనబడితే రోజూ సూస్తావు," అన్నాడు.

ఆమె రోజూ చూసింది. ఎక్కే ముందు గోరు పెట్టి లాగేది, గణుపుతో తట్టేది. బొట్టు హ్యాండిలు మీదికి మారింది. వంక దగ్గర దిగి నడిపించడం నేర్చుకుంది. పని ఖాయమయింది. ఏడు వానాకాలాలు మోశాను నేను ఆమెను. ప్రతి దిగుడుకూ భయపడుతూనే మోశాను, అతుకున్నవాళ్ళకు ఆ భయం పోదు.

ఎనిమిదో ఏడు బాషా ఇక చాలన్నాడు. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, నా సందు కొలిచి, ఆ కొలతకే గొట్టాలు కోసి, ఆమెకు కొత్త ఫ్రేము చేశాడు. ఒకప్పుడు సుద్దముక్కతో కొట్టేసిన కొలతే అది. సుంకులమ్మ దాని మీద ఎక్కిన రోజు నా దగ్గరికి వచ్చి, మెడ మీద గోరు పెట్టి ఒకసారి లాగి వెళ్ళింది. ఓబుళమ్మ పోయి రెండేళ్ళయింది అప్పటికి. ఆమె గోరే తగిలినట్టనిపించింది.

ఇంతవరకూ చెప్పి ఊరుకుంటే బాగుండేది. కాని మిమ్మల్ని దగ్గరికి పిలిచింది ఇందుకు కాదు.

ఈ పొద్దున ఒక సైకిలు గాలి కొట్టించుకోవడానికి వచ్చింది. పచ్చ రంగుది. బాషా లోపల టీ తాగుతున్నాడు. ఆ మనిషే పంపు తీసి కొట్టుకున్నాడు. ముందు కడ్డీ మీద చిన్నపిల్ల, వెనక గంపలో కూరగాయలు. మెడ చుట్టూ మందంగా పసుపు, దాని మీద రూపాయి బిళ్ళంత బొట్టు, దాని కింద గొట్టం మీదికి కారిన సన్నటి ఎర్రటి చార. తోసుకుంటూ పోతుంటే కిర్రుమంది. ఆ కిర్రు నాకు తెలుసు. గాలికి ఊగి గోడకేసి కొట్టుకున్నాను. ఆ పిల్ల ఒక్కతే తల తిప్పి చూసింది. అంతలో వెళ్ళిపోయారు. వంతెన వైపు పోయారు, అక్కడ దిగుడు ఉంది.

అది నిజంగా కుంకుమే కావచ్చు. పెడలే కిర్రుమని ఉండవచ్చు. నాకు తెలియదు. తెలియకనే పొద్దుటి నుంచీ ఈ మేకు మీద నిలవలేకున్నాను.

మీకు కాళ్ళున్నాయి తల్లీ, నోరుంది. ఆ పచ్చ సైకిలు ఎక్కడన్నా కనబడితే ఆపండి. అది కాకపోతే మీ ఇంటిది చూడండి, మీ పక్కింటిది చూడండి. ఈ కథ గుర్తు పెట్టుకుని దసరాకు ముందే నలుగురికి చెప్పండి. ఈరమ్మ పేరు చెప్పి తిట్టకండి, ఆమె ప్రేమగా పెట్టింది. ఓబుళమ్మ పేరు చెప్పండి. ముందు తుడవమనండి, తర్వాత తట్టమనండి, ఖంగుమంటే అప్పుడు పెట్టమనండి బొట్టు.

ఇక లేవండి. వంతెన దారి అటువైపు.